ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక

బల్ల మీద పడుకోమన్నారు గనక కంబన్న పడుకున్నాడు గానీ, అతను పడుకోవడానికి వచ్చినవాడు కాదు. కూర్చోవడానికి వచ్చాడు. రేపు ఆదివారం, పైగా అమావాస్య. పొద్దు పొడిచే వేళకు కొలిమి ముందు గొంతుక్కూర్చోవాలి, కొడవలి కొస ఎర్రబడేదాకా రెప్ప వాల్చకుండా చూడాలి, ఏడేళ్ల మనవరాలు గురమ్మ మోకాలికి మూడు వాతలు పెట్టాలి. ఆదివారం, అమావాస్య కలిసొచ్చిన పూట పెట్టిన వాత వృథా పోదని అతనికి తండ్రి చెప్పాడు, తండ్రికి తాత చెప్పాడు. ఈ కుడికాలికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు, ఏడాదిగా అది మడవమంటే మడవదు, చాపమంటే చాపదు. అందుకే తెల్లారకముందే నందికొట్కూరులో బొగ్గు బస్సెక్కి, ఆ పొగంతా మింగి, కర్నూలు మిషను ఆసుపత్రికి వచ్చి పడ్డాడు. ఒక్క పూట కూర్చోనిస్తే చాలు, ఆ తర్వాత కాలు ఏమైపోయినా సరే. తాను వేళకు రాకపోతే నువ్వే పెట్టు అని కొడుకు హనుమన్నతో చెప్పి వచ్చాడు. కానీ హనుమన్నది నాగలికర్రు సాగదీసే చేయి, పిల్లల ఒంటికి పనికొచ్చే చేయి కాదు. వాడు పెడితే చర్మం దాటి లోపలికి దిగుతుంది, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. 

గది గోడలకు కొత్తగా సున్నం కొట్టారు. ఆ తెలుపులో కన్ను ఆనడానికి ఒక్క మరకైనా లేదు. అరవై ఆరేళ్లు మసిలో బతికినవాడికి ఇంత తెలుపు భయంగానే ఉంటుంది మరి. ఫినాయిలు వాసన, కిటికీ జాలీ అవతల పదకొండు గంటల ఎండ, తుంగభద్ర ఇసుక మీదుగా వచ్చే వేడిగాలి. గాబ్రియేలు డాక్టరు సగం చూసి, ఎవరో పిలిస్తే పక్క గదికి వెళ్లాడు, కదలకుండా పడుకో పెద్దాయనా అని. కదలకుండా పడుకుంటే చెవులకు పని ఎక్కువవుతుంది కాబోలు. వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది. ఒకటి బరువుగా, ఒకటి తేలికగా. మళ్లీ ఒకటి బరువుగా, ఒకటి తేలికగా. కంబన్న ఊపిరి బిగబట్టాడు. ఈడికి గూడా వచ్చినావా, అని లోపల అనుకున్నాడు. పైకి అనే ధైర్యం లేదు. చప్పుడు తలుపు దాకా వచ్చి, ఆగి, అటే వెళ్లిపోయింది.

రెండు నెలలుగా ఈ చప్పుడు అతని ఇంటి పెరట్లో తిరుగుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ముసలోడికి మతి చెడిందంటారు. పగటిపూట ఇంట్లో పెద్దలంతా చేలకు పోయాక, అతనొక్కడే కొలిమిలో తిత్తుల పక్కన కూలబడి ఉన్నప్పుడు, గోడ అవతల మొదలయ్యేది. ఒకటి బరువు, ఒకటి తేలిక, జానెడు ఎడంగా నేలను గీరుకుంటూ. ఎవరదీ అని కేకేస్తే ఆగిపోయేది. గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, తాను పెరట్లోకి పోయేసరికి అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. గురమ్మ ఒక్కతే రోటి పక్కన నిటారుగా నిలబడి అతన్నే చూస్తూ ఉండేది, పావడా అంచు ఒక పక్క కిందికి జారి. ఆ పావడాను కోడలు రెండుసార్లు విప్పి కుట్టింది, అయినా వంకర పోలేదు. ఎవరన్నా వచ్చిరా నాయనా అని అడిగితే, ఎవరూ రాలేదు తాతా అనేది పిల్ల. చనిపోయిన తన భార్య పేరే పెట్టుకున్నాడు దానికి. ఆమెలాగే ఇది కూడా కళ్లలోకి చూసి మాట్లాడుతుంది. అబద్ధమాడే పిల్ల కాదు. అంటే దానికి కనబడటం లేదన్నమాట. తనకు వినబడేది, దానికి కనబడనిది, ఒకటేదో పెరట్లో ఉంది. అది వచ్చిన నెలలోనే గురమ్మ నిద్రలో మోకాలు పట్టుకుని కేకలు వేయడం మొదలుపెట్టింది. లేపి అడిగితే నొప్పి లేదంటుంది. వచ్చింది ఎవరో, ఎందుకు వచ్చిందో కంబన్నకు తెలుసు.

ఏసుమణి. ఇరవైమూడేళ్లుగా ఆ పేరు నోటితో పలకలేదు. పెద్దజ్వరం వచ్చి ఇంటికొకరు పోయిన తర్వాత మూడో ఏడు, చర్చిపేట జీవమ్మ ఎనిమిదేళ్ల కూతుర్ని చంకనేసుకుని వచ్చి, కొలిమి పందిరికి ఇవతల, ఆ పేట వాళ్లు దాటకూడని రాయి దగ్గర దించింది. కాలు చూడు సామీ, రెండు నెలలుగా పొడుగైపోతాండాది అంది. నిజమే, ఎడమకాలు కుడికాలి కంటే రెండు వేళ్లు పొడుగ్గా కనిపించింది. పిల్లల కాలు ఎక్కడైనా రెండు నెలల్లో పొడుగవుతుందా? కంబన్నకు అప్పుడే అనుమానం తగిలింది. కానీ చేయి పెట్టి చూడలేదు. చర్చిపేట వాళ్లను తాకకూడదు, అది ఊరి కట్టు. ఎవరు పెట్టారో తెలియదు గానీ కంబన్న ఒక్కనాడూ దాన్ని మీరినవాడు కాదు. నిలబడి, కొడవలి పొడుగంత దూరం నుంచే అడిగాడు, నొప్పి యాడ అని. పిల్ల మోకాలు చూపించింది. తల్లిని గట్టిగా పట్టుకోమన్నాడు. అతని ఇంటి వాత మిగతా వాళ్ల వాతలా గీత కాదు, నెలవంక, దాని కింద చుక్క. తాత ముత్తాతల నాటి గుర్తు. మూడు నెలవంకలు పెట్టి, ఇప్పుడెట్లుండాది అన్నాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి గానీ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది: "నొప్పి ల్యాదు సామీ." జీవమ్మ రాతికి అవతలి నుంచే నేలకు తల తాకించి దండం పెట్టింది. చుట్టూ నిలబడినవాళ్లు కంబన్న హస్తవాసి అంటే హస్తవాసే అన్నారు. ఆ పూట అతనికి అన్నం రుచిగా ఉంది.

రెండు నెలలకు మళ్లీ తెచ్చింది. ఈసారి అదే కాలు రెండు వేళ్లు పొట్టిగా ఉంది. నిద్రలో కేకలేస్తాండాది సామీ అని తల్లి ఏడ్చింది. పొడుగైన కాలు పొట్టి కావడమేమిటి? నేల కింద నుంచి ఎవరో ఒకసారి లాగుతున్నారు, ఒకసారి తోస్తున్నారు అన్నాడు కొలిమిలో తిత్తులూదే బొజ్జన్న, అందరూ నమ్మారు. కంబన్నే ముందుగా నమ్మాడు, ఎందుకంటే నమ్మకపోతే తప్పు తన చేతిదవుతుంది. మళ్లీ మూడు. మళ్లీ, నొప్పి ల్యాదు సామీ. ఇంకో నెలకు ఇంకో మూడు. ఆ తర్వాత పాదిరి బండి వచ్చి తల్లీకూతుళ్లను కడప వైపు తీసుకుపోయింది. మైదుకూరు దాటాక దారిలోనే బిడ్డ పోయిందంట అని బొజ్జన్నే సంతలో విని వచ్చి చెప్పాడు. కంబన్న ఆ రోజు కొలిమి రాజేయలేదు. మరునాడు రాజేశాడు. ఇరవైమూడేళ్లు రాజేస్తూనే ఉన్నాడు.

డాక్టరు తిరిగొచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయేమో, మద్రాసులో చదివినవాడంట, మాట మాత్రం మన సీమ మాటే. ఇందాక నడిపించి చూశాడు, ఒంటికాలి మీద నిలబెట్టి వెనక నుంచి చూశాడు. కుడికాలి మీద నిలబడగానే ఎడమ పక్క నడుము గుంటలో పడ్డట్టు కిందికి దిగింది, పడబోతే పట్టుకున్నాడు. పట్టుకున్న చేయి తీయలేదు. కంబన్నకు ఏమిటోగా అనిపించింది. పేటలో పుట్టినవాడో ఏమో ఈ గాబ్రియేలు, అడగకూడదు, అడిగి ఏం చేస్తాడు, లేచి వెళ్తాడా? ఇప్పుడు ఆ చేతులు మోకాలి మీదికి వచ్చాయి. మోకాలి మీద తొమ్మిది నెలవంకలున్నాయి. ఏడాదిలో మూడు మార్లు అద్దం ముందు పెట్టుకుని తనకు తానే పెట్టుకున్నవి.

"ఇవెవరు పెట్టినారు పెద్దాయనా?"

"ఎవురో లే అయ్యా," అన్నాడు కంబన్న. ఎప్పుడూ లేనిది, సిగ్గేసింది.

డాక్టరు మళ్లీ కాలి మీదికి వంగాడు. మోకాలు మడిచాడు, చాపాడు, చిప్ప అటూ ఇటూ కదిలించాడు, చుట్టూ వేళ్లతో నొక్కాడు. మోకాలికి ఏ బాధా లేదు, నొక్కుతుంటే చక్కిలిగింత పెట్టినట్టుంది. ఆ తర్వాత చేతులు మోకాలిని వదిలి పైకి పోయాయి, తొడ మీదుగా, గజ్జ దాకా. మోకాలు నొప్పంటే ఇంత దూరం పోవడమెందుకు? ఒక చేయి తుంటి మీద, ఒక చేయి మడమ కింద పెట్టి, కాలిని మెల్లగా లోపలికి తిప్పాడు. మోకాల్లో నిప్పు పడింది. ఎవరూ ముట్టుకోని మోకాల్లో. కంబన్న అరిచాడు.

"నేను తిప్పింది తొంటిని. నీకు యాడ నొప్పి పుట్టె?"

"మోకాల్లోనే అయ్యా."

"అదే సంగతి. ఇల్లు ఒకరిది, వాకిట్లో కూచొని ఏడ్చేది ఇంకొకరు. మోకాలికి ఏ పాపమూ తెలీదు."

ఏ పాపమూ తెలీదు. తొమ్మిది నెలవంకలు. కంబన్న వాటి వంక చూడలేకపోయాడు. ఇప్పుడు ఇంకొకటి చూపిస్తా అని డాక్టరు టేపు తీసి, తుంటి ఎముక నుంచి చీలమండ దాకా రెండు కాళ్లూ కొలిచాడు, కుడిది అరంగుళం తక్కువన్నాడు. తక్కువ. పొట్టి. వరండాలో ఆ అడుగులు మళ్లీ మొదలయ్యాయి, బరువు, తేలిక. రెండు కాళ్లూ బల్లకు ఆనించి చాపుకో అన్నాడు డాక్టరు. చాపుకున్నాడు, బాగానే ఆనాయి. మంచి కాలిని, ఎడమదాన్ని, మోకాలు రొమ్ముకు తగిలేదాకా మడిచి పట్టాడు. అంతే, కుడికాలు, ఎవరూ పట్టుకోని కుడికాలు, దానంతటది బల్ల మీద నుంచి లేచింది. నిద్ర లేచినట్టు మెల్లగా లేచి, జానెడెత్తున గాలిలో నిలబడింది. దించాలని చూస్తే దిగదు. తన కాలే, తన మాట వినదు. ఎవరు ఎత్తారు? కంబన్న మెడ తిప్పి బల్ల కిందికి చూశాడు. అక్కడ తెల్లటి నేల తప్ప ఏమీ లేదు. ఇరవైమూడేళ్ల కిందట ఆ పిల్ల కాలును నేల కింద నుంచి లాగినవాళ్లు ఇప్పుడు తనది పట్టుకున్నారని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాడు.

"ఎవురెత్తినారయ్యా నా కాలు?"

"ఎవరూ ఎత్తలేదు. కీలు అరిగి, బిగుసుకుపోయింది. ఊరికే పండుకుంటే నడుము పైకి లేచి దాన్ని దాస్తాది, కాలు చక్కగా ఆనినట్లే కనపడతాది. మంచి కాలు మడిస్తే నడుము దాచలేదు." డాక్టరు మంచి కాలిని వదిలాడు, కుడికాలు బల్ల మీద వాలింది. "ముసలితనాన అరిగేది వేరే. పిల్లలకైతే ఈ కీలుకే క్షయ పడతాది. మోకాలు నొప్పని వచ్చిన పిల్లలకు మేము ముందు తొంటి చూస్తాము. మొదట్లో కాలు పొడుగైనట్లుంటాది, పోనుపోను పొట్టిదవతాది. మెలకువలో బిగబట్టుకొని కాపాడుకుంటారు, నిద్రలో పట్టు వదిలేసరికి కేకలేస్తారు."

ఇవన్నీ మామూలు సంగతుల్లా చెప్పి, కాలికి కొన్ని వారాలు బరువు కట్టి పడుకోబెడతాం, నొప్పి తగ్గుతుంది, గొంతుక్కూర్చోవడం మాత్రం ఇక మరిచిపో అని చెప్పి, తలుపు వైపు తిరిగి కేకేశాడు: "ఏసుమణీ, ఇసక సంచి తీసుకురామ్మా!"

కంబన్న విన్నాడు. సరిగ్గానే విన్నాడు. డాక్టరు చచ్చినదాన్ని పేరు పెట్టి పిలిచాడు, అదేమీ విశేషం కానట్టు పక్క గదిలోకి పోయాడు. వరండాలో చప్పుడు ఇటు తిరిగింది. ఒకటి బరువు. ఒకటి తేలిక. లేచి పారిపోదామంటే కాలు కాలు కాదు. కళ్లు మూసుకుంటే చప్పుడు ఇంకా దగ్గరగా వినిపించింది, తెరిచాడు. గురమ్మను వదులు, అని లోపలే వేడుకున్నాడు, నన్ను తీసుకపో తల్లీ, నా కాలు నీ చేతికి వచ్చింది కదా, బిడ్డను వదులు. తలుపు తెర కదిలింది. తెల్లచీర, చేతిలో ఇసుక సంచి, ముప్పై ఏళ్లు దాటిన మనిషి. ఎడమకాలికి నాలుగంగుళాల చెక్క అడుగు వేసిన చెప్పు. చచ్చినవాళ్లకు వయసు పెరగదు, చెప్పులు కుట్టించరు. ఈ రెండు సంగతులూ కంబన్న బుర్రలోకి నెమ్మదిగా దిగాయి.

ఆమె సంచి తాడు విప్పుతూ అతని చీలమండను ఎడమచేత్తో పట్టుకుంది. మోకాలి దగ్గర ఆమె చూపు ఆగింది. 

"ఈ నెలవంక నాకు తెలుసు," అంది. "నాకూ తొమ్మిది ఉండాయి."

"నువ్వు... మైదుకూరు కాడ పోయినావంటిరే."

"పోయిందనే అనుకున్యారంట, జరం అట్లొచ్చింది. పోలేదు. కడప దగ్గర మిషనులో మూడేండ్లు పండుకున్యా, ఇట్లాంటి సంచే కట్టుకొని. కీలు అతుక్కపోయింది, ప్రాణం మిగిలింది." కోపం లేదు ఆ గొంతులో. తిట్టి ఉంటే కంబన్నకు కొంత తేలికగా ఉండేది. తాడు ముడి వేసి బిగిస్తున్న ఆమె చేతిని అతను పట్టుకున్నాడు. ఆ పేట మనిషిని అతను తాకడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు, ఆ సంగతి అతనికి ఆ వేళ గుర్తుకైనా రాలేదు.

"వాత పెట్టినాక నొప్పి ల్యాదంటివి గదా తల్లీ. మూడు మార్లూ అంటివి. తగ్గిందా, ల్యాదా?"

ఏసుమణి అతని ముఖంలోకి చూసింది. "యాడ తగ్గింది సామీ. కొడవలి ఇంగా నీ చేతిలోనే ఉండె."

డాక్టరులా పెద్దాయనా అని పిలవలేదు. సామీ అంది, ఎనిమిదేళ్ల గొంతుతో. కంబన్న తల వెనక్కి వాలిపోయింది. కొడవలి చూడగానే పిల్లలు నొప్పి ల్యాదంటారు, అది అబద్ధమని ఊరికంతా తెలుసు, అతనూ నవ్వేవాడు. వాత పెట్టాక అదే పిల్లలు, అదే నోటితో, అదే మాట అంటే నిజమని ఎట్లా నమ్మాడు? నలభై ఏళ్లు. ఎంతమంది? నందికొట్కూరు చుట్టుపక్కల ఎన్ని పల్లెలు, ఎన్ని ఆదివారం అమావాస్యలు. రాయి దగ్గర ఎంతమంది తల్లులు దండాలు పెట్టారు. హస్తవాసి అన్నారు. ఇంత బతుకూ, భయపడ్డ పిల్లలు చెప్పిన అబద్ధం మీద కూర్చుని అన్నం తిన్నాడు. ఏడుపు వచ్చింది. సరే, ఏడుద్దువులే, అని తనను తాను కసురుకున్నాడు, ముందు ఇది ఆలోచించు. ఈ మనిషి బతికే ఉంది. కడపలో ఉంది, కర్నూలులో ఉంది, చెక్క చెప్పు వేసుకుని అన్నం తింటూ ఉంది. నీ పెరట్లోకి ఎన్నడూ రాలేదు. మరి పెరట్లో నడిచింది ఎవరు?

ఎవరూ రాలేదు తాతా. రోటి పక్కన నిటారుగా నిలబడిన పిల్ల, ఒళ్లంతా బిగబట్టుకుని. వంకర పోని పావడా అంచు. వంకర పావడాది కాదు. కోడలు రెండుసార్లు విప్పి కుట్టిందే, ఆ రెండుసార్లూ వంకర కాలిదే. అందరి ముందు చక్కగా నడుస్తుంది, ఎందుకంటే కుంటితే తాత కొలిమి రాజేస్తాడు. అందరూ పోయాక, చూసేవాళ్లెవరూ లేనప్పుడు, పాపం, కాసేపు తనకు కావలసినట్టు నడుచుకుంటుంది. తాత కేకేస్తే ఆగిపోతుంది. రెండు నెలలుగా తాను దయ్యమని భయపడింది గురమ్మకు. గురమ్మ భయపడింది తనకు. తమ ఇద్దరి మధ్య ఒక్క మట్టిగోడ.

"ఇప్పుమ్మా," అన్నాడు కంబన్న, "ఈ సంచి ఇప్పు. నేను పోవల్ల."

"డాక్టరయ్య అరుస్తాడు."

"అరవనీ. నా మనవరాలికి రేపు పొద్దున్నే వాత. నేను పోకుంటే నా కొడుకు పెడతాడు. మోకాలు పట్టుకొని నిద్రలో కేకలేస్తాండాదమ్మా. కాలు ఒక పక్క పొడుగుండాది. ఇప్పుడు పొడుగే, ఇంగా పొట్టి కాలేదు." 

ఏసుమణి ముడి విప్పింది, గబగబా. అతను బల్ల దిగుతుంటే సందిట చేయి వేసి పట్టుకుంది. "పన్నెండింటి బస్సు దొరుకుతాది. పాపను ఆదివారమైనా సరే ఈడికి తీసుకురా, నేనుంటా. దోవలో ఎత్తుకొనే రండి, నడిపించొద్దు. ఇంటికి పోతానే నొప్పి యాడ అని మాత్రం అడగొద్దు."

"మరేం చెయ్యల్ల?"

"ముందు కొలిమి ఆర్పు. కొడవలి యాడన్నా పాప కంటికి కనపడకుండా పారెయ్. కొలిమి ఆరింది, కొడవలి ల్యాదని అది సూడనీ. ఆ పైన అడుగు."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. గోడ వారగా కూర్చున్న రోగులు తల తిప్పి చూశారు, చప్పుడు విని. ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక, దాని పక్కనే ఇంకొకటి బరువు, ఇంకొకటి తేలిక. ఎండ నేల మీద తెల్లగా మండుతోంది. మోకాల్లో నిప్పు పడుతూనే ఉంది, అది మోకాలిది కాదని ఇప్పుడు తెలుసు గనక కంబన్న దాన్ని పట్టించుకోలేదు. గేటు అవతల బస్సు బొగ్గుపొయ్యిలోంచి పొగ లేస్తోంది. కమ్మీ పట్టుకుని, మంచి కాలు పైమెట్టు మీద వేసి, రెండోదాన్ని చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. గురమ్మతో ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకోవచ్చు. నాయనా, గోడ అవతల నడిచింది నువ్వేనని తాతకు తెలిసింది, ఇంక దాచొద్దు, తాత ముందు కుంటు.